కొండవైపు ఆరు చాళ్ళు

దసరా వాన ఆగిన మూడోనాడు
మట్టి పిడికిట్లో ముద్ద కట్టాలి,
వేలితో తడితే విడిపోవాలి.
అదీ ఉలవలకు అదును.
అయ్య చెప్పిన లెక్కల్లో
ఇదొక్కటే ఇప్పటికీ తప్పలేదు.

మందస రోడ్డు తారు అయిపోయి మట్టిదయ్యే చోట,
మహేంద్రగిరి నీడ మధ్యాన్నానికే దిగే చోట,
మాది ఎనభై సెంట్ల గరువు.
అందులో కొండవైపు ఆరు చాళ్ళు
అయ్య ఏ యేడూ కొయ్యలేదు.
"అవి మనవి కావే, ఆళ్ళవి" అనేవాడు.
దేవుడిలాంటోడు మా అయ్య అనుకున్నాను.

ఆళ్ళంటే ఎవరో
పుష్యమాసం మంచులో తెలిసింది.
సైకిలు బ్రేకు తీగ ఉచ్చులో చెవులపిల్లి.
కళ్ళు తెరిచే ఉన్నాయి,
నోట్లో సగం నమిలిన ఉలవాకు.
ఆ పూట కూర నేనూ తిన్నాను.
రుచిగానే ఉంది, అబద్ధం ఎందుకు.

అయ్య పోయిన మూడో యేడు
అవే ఆరు చాళ్ళలో
నాగలి వెనక నడుస్తూ ఉలవలు జారవిడిచేను.
ఒక చాలులో చోళ్ళు కలిపేను, పిట్టలకి.
మూలన నాలుగు చిలకడదుంప తీగలు.
తుపానుకి పనసలన్నీ పడిపోయేక
ఎలుగు ఊళ్ళోకొచ్చి
రామమందిరం దీపంలో నూనె నాకిపోయింది మరి.

"ఏటే తవిటీ, పందులకి పెళ్ళిభోజనాలేటే?"
గట్టు మీంచి ఢిల్లేసు నవ్వేడు.
జవాబు తోచక
ఇంకో గుప్పెడు వేసేను.

గుంటక పళ్ళకి ఏదో తగిలి టింగుమంది.
తుప్పు పట్టిన తీగ. ముడి ఇంకా ఊడలేదు.
అయ్య ముడులంతే.
పారెయ్యబుద్ధి కాలేదు,
ఇంటికి తెచ్చి
ఆనప పాదుకి చూరు దాకా కట్టేను.

కార్తీక పున్నానికి ఆకు జానెడయింది.
తెల్లారి చూస్తే మొదళ్ళలో
ఎండు మిరియాల్లాంటి పెంటికలు.
చుట్టాల చెప్పులు లెక్కెట్టినట్టు
వంగి లెక్కెట్టేను. పదిహేడు.

నాలుగోనాడు,
మంచు కింద మెరుస్తూ కొత్త తీగ.
అయ్య ముడి కాదిది, నీలం ప్లాస్టిక్ తొడుగు.
కబురు పాకిపోయింది:
తవిటమ్మ గరువులో తెగ మేస్తున్నాయంట.

గింజ నాదే.
మేతో ఎరో ఉలవాకుకి ఏం తెలుస్తుంది?
ఆ రోజంతా గంజి దిగలేదు.

సవర ఎండయ్య నాలుగు వెదురు గడలు పాతి
మంచె కట్టిచ్చేడు. కూలి అడగలేదు.
"మీ అయ్యకి ఆ ముడి నేర్పింది మాయయ్యే"
అని మాత్రం అని, చుట్ట ఆర్పుకొని పోయేడు.

లోకమంతా మంచె ఎక్కేది
జంతువులు రాకుండా.
నేనెక్కేను మనుషులు రాకుండా.
డబ్బా వాయించకూడదు, లైటు వెయ్యకూడదు,
దగ్గొస్తే దుప్పట్లోనే నొక్కుకోవాలి.
రెండో జాములో చలి
మోకాళ్ళ చిప్పల్లోకి దిగింది.
అప్పుడు వినిపించింది నమలడం.
తొందర లేని నమలడం.
పందో, కొండగొర్రో,
కట్టు తెంచుకున్న ఢిల్లేసు ఆవో.
టార్చి చేతిలోనే ఉంది.
వెయ్యలేదు.

తెల్లారేసరికి
నా ఆరు చాళ్ళూ, అతని రెండు చాళ్ళూ
నున్నగా గొరిగినట్టున్నాయి.
ఢిల్లేసు కుంచం పట్టుకొని వాకిట్లో నిలబడ్డాడు.
నాలుగు కుంచాలు కొలిచేను.
తలగొట్టి మరీ తీసుకున్నాడు,
పోతూ పోతూ
"ఈ రాత్రి నా టార్చి కూడా ఉంచుకో" అన్నాడు.

చూరు దగ్గర ఆనప తీగ
అయ్య ముడికి రెండు చుట్లు చుట్టుకుంది.
దాన్నలా వదిలేసి
చీకటుండగానే పొన్నుకర్ర పట్టుకొని పోతాను.
ఒక్కో చాలూ తడుముతాను,
తీగకి తగిలితే వచ్చే
ఆ సన్నటి చప్పుడు కోసం.
ఇవాళ రాలేదు.
రేపటి సంగతి తెలీదు.